మర్నాటి మరమ్మతు

ఇళ్ళల్లో సినిమా గదులు బిగించే పనివాళ్ళందరూ ఆయన్ని పాముచెవి అనేవారు. ఇరవై రెండేళ్ళుగా ఆయన వెంట తిరుగుతున్న బావమరిదిని తోక అనేవారు. పామన్నాక తోక ఉండొద్దా అని స్పీకర్ల షాపులో ఎవడో నవ్వులాటకన్న మాట, జిగురు పెట్టినట్టు అతుక్కుపోయింది. మొదట్లో అతను మొహం మాడ్చుకునేవాడు. పోనుపోను ఫోనులో కూడా "నేనండీ, తోకని" అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఏడో తరగతితో బడికి దండం పెట్టి వచ్చినవాణ్ణి ఇంతకంటే గొప్పగా ఎవడు పిలుస్తాడులే అని లోలోపల పళ్ళు నూరుకుంటూనే.

పని ఇద్దరిదీ. చెవి బావది, కన్ను తోకది.

తెర మీద బొమ్మ చూసి సరిచేయడానికి తోక దగ్గర ఒక సీను ఉండేది. నల్లకోటు తొడుక్కున్న మనిషి చీకట్లో ఒక తలుపు ముందు నిలబడతాడు. కోటూ తలుపూ కలిసిపోయి ఒకే మసిముద్దలా కనిపిస్తే నలుపు ఎక్కువైనట్టు. కోటు బూడిదరంగుకి దిగితే వెలుగు ఎక్కువైనట్టు. కోటుకున్న నాలుగు గుండీలు, తలుపుకున్న గొళ్ళెం విడివిడిగా తెలుస్తూ, అయినా అంతా నల్లగానే ఉంటే అప్పుడు సరి. ఆ తర్వాత ఒక ఆడమనిషి మొహం. మరీ ఎర్రబడితే ఆవిడకి జ్వరం వచ్చినట్టుంటుంది, మరీ పచ్చబడితే కామెర్లు. ఆ మొహానికి ఆరోగ్యం వచ్చేదాకా గంట పట్టినా తోక స్టూలు మీంచి దిగేవాడు కాదు.

ఇంత చేసినా ఇంటివాళ్ళు బొమ్మ గురించి ఒక్క ముక్క అనేవారు కాదు. బొమ్మ బాగుంటే ప్రొజెక్టరు కంపెనీ గొప్ప. శబ్దం బాగుంటే మాత్రం పాముచెవి గొప్ప.

అన్నీ బిగించాక బావ చెప్పులు విడిచి, మధ్య కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకునేవాడు. ఆయన వినేది ఒక వాన సీను. రేకుల కప్పు మీద వాన, లోపల ఒకావిడ గొంతు తగ్గించి మాట్లాడుతుంటుంది, ఎక్కడో దూరాన ఒక బండి వెళ్తుంది. "వాన నా నెత్తిన పడుతోందిరా, రేకు మీద పడటం లేదు. పై స్పీకరు వెనక్కి జరుపు" అనేవాడు. "బండి గోడలోంచి వెళ్తోంది, వీధిలోంచి వెళ్ళాలి" అనేవాడు. తోక నిచ్చెన ఎక్కి స్పీకరుని వేలెడు మందం తిప్పితే బండి నిజంగానే వీధిలోకి వెళ్ళేది. మీటర్లు పెట్టి కొలిచేవాళ్ళంటే ఆయనకి ఒళ్ళుమంట. "కాటా వేసుకుని ఏడ్చినట్టుంటుంది" అని వెక్కిరించేవాడు. అంతా కుదిరాక కళ్ళు తెరిచి, "ఊఁ, ఇక కాపురం పెట్టొచ్చు" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం జనం నెలల తరబడి ఎదురుచూసేవారు. షాపువాళ్ళు పెట్టెల మీద పాముచెవి విన్నదని రాసి అమ్ముకునేవారు.

ఆ చెవి పాడవడం తోక మొదట కనిపెట్టింది పళ్ళడాక్టరు గారింట్లో.

మేడ మీద గది, కొత్త కార్పెట్టు, ఏడు కుర్చీలు. తోక బొమ్మ పని ముగించి తుడుచుకుంటుంటే బావ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. వాన మొదలైంది.

"మసగ్గా ఉందిరా. దుప్పటి కప్పుకుని విన్నట్టుంది. ట్రెబుల్ పెంచు."

తోక చెవికి బాగానే ఉంది. అయినా ఆ సన్నని శబ్దాల్ని ఒక మెట్టు పెంచాడు.

"ఇంకా."

"ఇంకానా బావా?"

"ఏం, నీకు కూడా వినపడటం లేదా? పెంచమంటుంటే!"

పెంచాడు. వాన వానలా లేదు. స్టీలు పళ్ళెంలో మేకులు గుమ్మరించినట్టుంది. ఆ ఆడమనిషి మాట్లాడే ప్రతి మాటా అంచుల్లో బుస కొడుతోంది. పక్కన నిలబడ్డ డాక్టరు భార్య చెవి మీద అరచెయ్యి పెట్టుకుంది.

"ఇదేంటండీ, చెవిలో సూది పెట్టి తిప్పినట్టుంది?"

"కొత్త స్పీకర్లమ్మా. నాలుగు రోజులు మోగితే మెత్తబడతాయి. మన చెవులకీ అలవాటవ్వాలి కదా" అన్నాడు బావ, కళ్ళు తెరవకుండానే.

"నా దగ్గరికొచ్చేవాళ్ళకి నేనూ ఇదే చెప్తాను, నాలుగు రోజుల్లో అలవాటైపోతుందని" అని డాక్టరు పెద్దగా నవ్వాడు.

"ఊఁ, ఇక కాపురం పెట్టొచ్చు."

వ్యానులో తోక ఉండబట్టలేకపోయాడు. "బావా, కొంచెం గుచ్చుకోవటం లేదూ?"

"నీ బొమ్మలో నేనెప్పుడైనా వేలు పెట్టానా?"

అంతటితో ఆ మాట అయిపోయింది. బావకి అప్పటికి అరవై ఒకటి నిండింది. తోకకి నలభై ఏడు.

ఆ సాయంత్రమే తోక బొటనవేలంత మైకు ఒకటి కొన్నాడు. ఫోనుకి తగిలిస్తే గదిలో ఏ శబ్దం ఎక్కువుందో, ఏది తక్కువుందో గీత గీసి చూపిస్తుంది. దాన్ని పాత మేజోడులో చుట్టి పనిముట్ల పెట్టె అడుగున, స్క్రూల డబ్బా కింద దాచాడు. మర్నాడు పళ్ళడాక్టరు ఇంటికి ఒక్కడే వెళ్ళాడు.

"ప్రొజెక్టరు దీపం ఒకసారి వేడెక్కి చల్లారాక రంగులు కొంచెం జారతాయండీ. సర్దేసి వెళ్తాను."

అది శుద్ధ అబద్ధం. అడిగేవాడెవడు? గది తలుపు వేసుకుని, మధ్య కుర్చీలో మైకు నిలబెట్టి చూశాడు. గీత కుడిచివర, సన్నని శబ్దాల వైపు, ఒంటె మూపురంలా లేచి ఉంది. చెవి చెప్పిన సంగతే మైకూ చెప్పింది. కొంచెం కొంచెంగా దించుతూ, వాన వింటూ, మళ్ళీ దించుతూ రెండు గంటలు కూర్చున్నాడు. బావ అయితే పది నిమిషాల్లో తేల్చేసేవాడు, ఆ చెవి బాగున్న రోజుల్లో.

డాక్టరు భార్య వచ్చి విని, "అమ్మయ్య, ఇవాళ వాన వానలా ఉందండీ. మీరు రంగులు సర్దితే శబ్దం కూడా బాగుపడిందే!" అంది.

తోక నవ్వాడు. ఇన్నేళ్ళలో ఒక ఇంటావిడ అతని పనిని మెచ్చుకోవడం అదే మొదలు. ఆ పని తనదేనని చెప్పుకునే రాత మాత్రం లేదు.

అలా ఏడాది గడిచింది. పందొమ్మిది గదులు. ప్రతి గదిలోనూ బావ ట్రెబుల్ పెంచమనేవాడు, తోక పెంచేవాడు, ఇంటివాళ్ళు చెవులు రుద్దుకునేవారు, బావ కాపురం పెట్టొచ్చనేవాడు. మర్నాడు తోక రంగులు సర్దే వంకతో వెళ్ళి శబ్దం దించి వచ్చేవాడు. పాముచెవి పేరు చెక్కుచెదరలేదు.

ఇంట్లోనూ అదే తంతు. తోక పెళ్ళి చేసుకోలేదు. తీరిక లేక అని చెప్పేవాడు. ఉండేది అక్కా బావల ఇంటి వెనక గదిలో. పొద్దున్న టీకి వెళ్తే, ఆరేళ్ళ మనవరాలు తాతకేదో చెప్తూ ఉండేది, తాత నుదురు చిట్లించి, "ఈ పిల్లకి మాటలు మింగే జబ్బు పట్టిందే. నోరు తెరిచి చెప్పు!" అని కసిరేవాడు. పిల్ల గొంతు సన్నం. సన్నని శబ్దాలే ముందు పోతాయి. బట్టలుతికే మిషను పనైందని కీచుకీచుమని కూస్తుంటే బావ దాని పక్కనే కూర్చుని పేపరు చదువుకునేవాడు.

"అక్కా, బావకి..." అని ఒకసారి తోక మొదలెట్టాడు.

"మీ బావకి నా మాట వినపడటం మానేసి ముప్ఫయ్యేళ్ళైందిలేరా. కొత్తగా ఏముంది?" అని అక్క గిన్నెలు సర్దుకుంటూ వెళ్ళిపోయింది.

బావకి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాడు తోక. వ్యానులో నోటిదాకా వచ్చేది. ఆయన స్టీరింగు మీద వేళ్ళతో దరువేస్తూ, ఎవరింట్లోనో ఎవడో బిగించిన స్పీకర్లని తిట్టిపోస్తూ హుషారుగా ఉండేవాడు. ఆ మనిషి దగ్గర ఆ చెవి తప్ప ఇంకేముంది? చదువా, ఆస్తా, ఇంకో విద్యా? అది లేదని తెలిసిన రోజున ఆయన ఇక ఆయనలా ఉండడు. తెలియకూడదు, అంతే. తెలియనివ్వకూడదు.

అంతవరకూ అయితే తోక దేవుడే. కానీ అందులో ఇంకోటి కూడా ఉంది. మర్నాడు ఆ చీకటి గదిలో, తలుపు వేసుకుని, బావ కూర్చున్న కుర్చీలో కూర్చుని, బావ పనిని దిద్దుతున్నప్పుడు తోకకి ఒళ్ళంతా ఒకలాంటి వెచ్చదనం పాకేది. దానికి పేరు పెట్టే ధైర్యం అతనికి లేకపోయింది.

ఏడాది దాటాక పళ్ళడాక్టరు మళ్ళీ ఫోను చేశాడు. పైకప్పుకి ఇంకో రెండు స్పీకర్లు కావాలన్నాడు.

"చిన్న పని బావా, నేను చూసుకుంటాలే. నీకెందుకు మెట్లెక్కడం?"

"అది నా చేతి గదిరా. నేను రాకుండా ఎలా?"

స్పీకర్లు బిగించడం అయ్యాక బావ చెప్పులు విడిచి కూర్చున్నాడు. వాన మొదలైంది. ఆయన మొహం చిట్లింది. కళ్ళు తెరిచాడు.

"ఎవడు చంపాడు దీన్ని?"

బావ రిమోటు అందుకుని తెర మీద అంకెలు తెరిచాడు. తను పెట్టించిన అంకె ఆయనకి గుర్తే. పెట్టిన ప్రతి అంకె ఆయనకి గుర్తే.

"డాక్టరుగారూ, దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

"మేమెందుకు ముట్టుకుంటామండీ? మీ బావమరిదేగా మర్నాడొచ్చి సర్దింది."

"చిన్న మైకు పెట్టుకుని, ఫోనులో చూసుకుంటూ రెండు గంటలు కూర్చున్నాడండీ పాపం. ఎంత శ్రద్ధో! ఆ ముందురోజు నాకైతే తలపోటొచ్చేసింది" అంది డాక్టరు భార్య. మెచ్చుకోలుగానే అంది.

బావ లేచి, మూలనున్న పనిముట్ల పెట్టె దగ్గరికి వెళ్ళి వంగాడు. స్క్రూల డబ్బా తీసి పక్కన పెట్టాడు. మేజోడు చేతికి తగిలింది. విప్పి, మైకుని అరచేతిలో పెట్టుకుని, చచ్చిన బల్లిని చూసినట్టు చూశాడు. డాక్టరు దంపతులకి నమస్కారం పెట్టి మెట్లు దిగాడు. వ్యానులో కూర్చున్నాక తాళం తిప్పలేదు.

"ఎన్నిళ్ళు?"

తోక అద్దంలోంచి వీధి చూస్తున్నాడు.

"ఎన్నిళ్ళురా?"

"అన్నీ."

"ఎందుకు?"

నీకు వినపడటం లేదు బావా. నాలుగే నాలుగు మాటలు. నాలుక చివర నిలబడి ఉన్నాయి. తోక బావ వైపు తిరిగాడు. ఆయన మొహం ఎర్రగా కందిపోయింది. ఆయన జవాబు కోసం ఆగలేదు. తనే చెప్పేశాడు.

"నా పేరు చెడగొట్టడానికి కదూ? నేను లేనప్పుడు నా గదుల్లో దూరి, నేను ప్రాణం పోసినవాటికి పీక నులిమి వచ్చావు. ఇరవై రెండేళ్ళు పక్కన కూర్చోబెట్టుకున్నానురా నిన్ను! నిచ్చెన పట్టుకోవడం రానివాణ్ణి మనిషిని చేశాను. కడుపుమంటా? చెప్పు, కడుపుమంటేనా?"

బావ మనసులో తట్టిన కారణం అదొక్కటే. తన చెవి మీద అనుమానం ఆయనకి కలలో కూడా రాలేదు. ఆ నమ్మకం చూసి తోకకి ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది.

"అవును," అన్నాడు. "కడుపుమంటే. ఎంతసేపూ నీ చెవే. నా కన్నుని ఎవడైనా పట్టించుకున్నాడా? అందుకే చేశాను."

అబద్ధం ఆడదామనే నోరు తెరిచాడు. ఆడుతుంటే, అందులో తను అనుకున్నంత అబద్ధం లేదని తెలిసింది.

"దిగు," అన్నాడు బావ.

తోక దిగాడు. పనిముట్ల పెట్టె కూడా తీసుకోలేదు.

తోక కడుపుమంటతో బావ గదులు చెడగొట్టాడన్న సంగతి వారం తిరక్కుండా పనివాళ్ళందరికీ పాకింది. షాపుల్లో అతన్ని చూసి మాటలు ఆపేసేవారు. తోక వెనక గది ఖాళీ చేసి, రెండు వీధుల అవతల ఒక గది చూసుకున్నాడు. ఒక మధ్యాహ్నం అక్క వచ్చింది. మంచం మీద కూర్చుని గోడలు చూసింది, కిటికీ చూసింది, తమ్ముణ్ణి మాత్రం చూడలేదు.

"ఫోను మోగితే పిల్ల వెళ్ళి ఆయన భుజం తట్టి చెప్తోందిరా. నాకు తెలియదనుకున్నావా?"

"తెలిస్తే మరి చెప్పొచ్చుగా, నా తమ్ముడు ద్రోహి కాడని."

"చెప్తే ఆయనేమైపోతాడు?"

"మరి నేనేమైపోయినా ఫరవాలేదా?"

అక్క మంచం మీది దుప్పటి మడత సర్దింది. "నువ్వు మొండివాడివిరా. తట్టుకుంటావు" అంది చివరికి.

"చిన్నప్పట్నుంచీ అదే మాట. నన్ను బడి మానిపించినప్పుడూ అదే అన్నారు."

అక్క లేచి, సింకులో పడున్న రెండు కప్పులూ కడిగి బోర్లించింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ మొహం కూడా తుడుచుకుంది. వెళ్ళేటప్పుడు, "నిజం చెప్పనని నాకు మాటివ్వు" అంది. ఇచ్చాడు. ఇవ్వకపోతే ఏం చేస్తాడు?

స్పీకర్ల షాపు చిన్నాయన, అంటే పాత యజమాని కొడుకు, తోకకి టీవీల విభాగంలో పని ఇచ్చాడు. రోజంతా వరసగా నిలబెట్టిన టీవీల్లో ఆడవాళ్ళ మొహాలకి జ్వరాలూ కామెర్లూ తగ్గించడం. బావ వేరేవాళ్ళని వెంటేసుకుని గదులు బిగిస్తూనే ఉన్నాడు. ఇప్పుడు మర్నాడు వెళ్ళి దించేవాడు లేడు. ఒక ఇంట్లో ముసలాయన చెవుల్లో దూది కుక్కుకున్నాడట. ఇంకొకరు కుక్క గదిలోకి రావడం మానేసిందన్నారు. "తోక తెగాక పాముకి పిచ్చెక్కింది" అని కౌంటరు దగ్గర నవ్వుకునేవారు. ఇళ్ళవాళ్ళు కొందరు తోకకే ఫోను చేసి, "ఒకసారి వచ్చి మీ రంగులు సర్దుతారా?" అని అడిగేవారు. ఇప్పుడు ఆ పని చేయడం లేదండీ అని పెట్టేసేవాడు. ఆ తర్వాత కాసేపు ఏ టీవీలో ఏ మొహం ఎలా ఉందో కనిపించేది కాదు.

నాలుగు నెలల తర్వాత చిన్నాయన షాపు పైన కొత్త గది కట్టించాడు. కొనేవాళ్ళకి వినిపించి చూపించే గది. ఒక ఆదివారం పొద్దున్న ఆ పనిలో ఉన్నవాళ్ళందరినీ పిలిచాడు. పదిమంది దాకా వచ్చారు. బావ కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. అందరూ లేచి మధ్య కుర్చీ ఇచ్చారు. తోక వెనక వరసలో, ఒక పక్కగా కూర్చున్నాడు. బావ చూపు అతని మీదుగా ఖాళీ కుర్చీ మీదుగా పోయినట్టు పోయింది.

వాన అయింది, ఒక యుద్ధం సీను అయింది. బొమ్మ బాగుందన్నారు, టీలు తాగారు. అప్పుడు కంప్యూటరు దగ్గర కూర్చున్న కుర్రాడికి సరదా పుట్టింది.

"చెవుల పందెం వేద్దామా? ఒకే కూత వేస్తాను, సన్నబడుతూ పైకి పోతుంది. అందరూ చెయ్యెత్తండి. వినపడటం ఆగిన క్షణాన దించెయ్యాలి. చివరిదాకా ఎవరి చెయ్యి ఉంటుందో చూద్దాం."

"ఎందుకండీ చిన్నపిల్లల ఆటలు? ఇంకో సీను చూద్దాం" అన్నాడు తోక.

బావ ఎవరి వైపూ తిరగకుండా, "కొందరికి చెవులంటే భయం" అన్నాడు. నాలుగు నెలల్లో బావ నోట తోక విన్న మొదటి మాట అది. అందరూ నవ్వారు.

చేతులు లేచాయి. బావ చెయ్యెత్తి, ఎప్పటిలా కళ్ళు మూసుకున్నాడు. కూత మొదలైంది. ముందు లావుగా, ఈలలా, తర్వాత దోమలా, తర్వాత దారంలా.

"నాది అయిపోయింది. పెళ్ళైన రోజే సగం పోయిందిలే" అంటూ ఒక పెద్దాయన దించాడు. మళ్ళీ నవ్వులు. ఇంకొకటి దిగింది, ఇంకొకటి. తోక చెవిలో కూత వెంట్రుకంత సన్నబడి తెగిపోయింది. దించాడు. చిన్నాయన దించాడు. బిల్లులు రాసే అమ్మాయి, ఇరవై మూడేళ్ళ పిల్ల, అందరికన్నా ఆఖర్న తల పక్కకి వాల్చి విని, విని, దించేసింది. కుర్రాడు కూత ఆపేశాడు.

బావ చెయ్యి లేచే ఉంది.

గదిలో ఏసీ హోరు తప్ప ఏమీ లేదు. ఆయన మెడ నిటారుగా, మూసిన కళ్ళతో, పెదవుల మీద చిన్న నవ్వుతో వింటున్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు, సగంలో ఆపుకున్నారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చిన్నాయన మొహంలో లెక్కలన్నీ ఒక్కసారి కలిశాయి. దూది కుక్కుకున్న ముసలాయన, రానన్న కుక్క, అన్నీ. అతను మెల్లగా వెనక్కి తిరిగి తోక వైపు చూశాడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ చూశారు.

నాలుగు నెలలుగా తోక రాత్రీ పగలూ కోరుకున్న చూపు అది. నోరు విప్పకుండా, అక్కకిచ్చిన మాట తప్పకుండా, అందరికీ నిజం తెలిసిపోయింది. తను ద్రోహి కాదని, బావని కాపాడింది తనేనని తెలిసిపోయింది. ఒక్క ఊపిరంతసేపు ఆ రుచి చూశాడు. చప్పగా ఉంది.

బావ చెయ్యి ఇంకా కిందికి రాలేదు. తన చెయ్యే ఆఖర్న దిగాలి, కానీ కూత ఎప్పుడాగిందో, ఎంతసేపుంచాలో ఆయనకి తెలియదు. ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

తోక తన చెయ్యి మళ్ళీ పైకెత్తాడు.

కంప్యూటరు కుర్రాడు నోరు తెరవబోయాడు. తోక వాడి వైపు చూసిన చూపుకి మూసేశాడు.

"ఇంకా వస్తోంది," అన్నాడు తోక పైకి. "సన్నగా వస్తోంది."

ఆ గొంతు విని బావ కళ్ళు తెరిచాడు. ముందు కంప్యూటరు చూశాడు. తర్వాత ఒడిలో చేతులు పెట్టుకుని కార్పెట్టు చూస్తున్నవాళ్ళని చూశాడు. బిల్లుల అమ్మాయి దించిన చేతిని చూశాడు. ఆఖరికి వెనక వరసలో లేచి ఉన్న ఒకే ఒక్క చేతిని చూశాడు. శబ్దాలతోనే తలపండిన మనిషి ఆయన. ఇరవై మూడేళ్ళ పిల్ల చెవికి అందని కూత నలభై ఎనిమిదేళ్ళవాడి చెవికి అందదని ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. అరవై దాటినవాడి సంగతీ చెప్పక్కర్లేదు. వాడు అబద్ధమాడుతున్నాడు. ఎవరి కోసం ఆడుతున్నాడో కూడా ఆయన మొహంలోకి మెల్లగా వచ్చింది.

ఆయన ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, బిగుసుకుపోయినదాన్ని దించినట్టు దించుకున్నాడు. లేచి, చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

తోక వెళ్ళేసరికి బావ షాపు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వీధి ఆదివారం పొద్దుటి వీధి, సగం షట్టర్లు మూసే ఉన్నాయి. తోక ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచిరా?"

"పళ్ళడాక్టరు గది నుంచి బావా. మొదటిసారి బిగించినప్పట్నుంచి."

బావ తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

"మరి ఆ రోజు వ్యానులో అవునన్నావు. కడుపుమంటన్నావు."

"అదీ కొంత ఉంది."

"ఊఁ" అన్నాడు బావ. ఆయనకి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండుననిపించింది తోకకి. "నాకు చెప్పాల్సిందిరా. నువ్వు కాకపోతే ఎవడు చెప్తాడు?"

"నాకు నోరు రాలేదు."

ఎదుటి కరెంటు తీగ మీద మూడు పిట్టలు వాలాయి. బావ మెడ ఎత్తి వాటిని చూశాడు. చూస్తూ చూస్తూ తోక భుజం పట్టుకున్నాడు, మెట్టు మీంచి జారిపోతానేమో అన్నట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"అవి అరుస్తున్నాయా?"

తోక తల ఊపాడు.

"బాగా అరుస్తున్నాయా?"

"బాగానే అరుస్తున్నాయి బావా."

"నోళ్ళు కదుల్తున్నాయిరా," అన్నాడు బావ. "నోళ్ళు మాత్రం కదుల్తున్నాయి."